ముఖాలు వెయ్యని మాస్టారు

నిన్న మా మనవరాలు తెల్లకాగితం, పెన్సిలు పట్టుకొచ్చి నా పక్కన చతికిలబడింది. "అమ్మమ్మా, మొహం వెయ్యాలంటే ముందు ఎక్కణ్ణించి మొదలెట్టాలి? కళ్ళా, ముక్కా?" అని అడిగింది. ఆలోచించకుండానే "కుండ నుంచి" అన్నాను. అది నన్ను వింతగా చూసి, నవ్వుకుంటూ లేచి వెళ్ళిపోయింది.

నేను హాస్యానికి అనలేదు. నాకు మొహం వెయ్యడం నేర్పిన మనిషి తన జన్మలో ఒక్క మొహమూ వెయ్యలేదు. ఆ సంగతి చెప్పాలంటే మా ఊరి హైస్కూలుకి, నేను తొమ్మిదో తరగతి చదివిన ఆ వానాకాలానికి వెళ్ళాలి.

బెజవాడ నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్ళే బస్సు దిగి, కాలవగట్టు మీద మైలు దూరం నడిస్తే మా ఊరు. కాలవకి ఇవతల ఊరు, అవతల మా పేట. మధ్యలో తాటిదుంగల వంతెన. పేటలో మావన్నీ చర్చికి వెళ్ళే కుటుంబాలే. మగవాళ్ళలో సగంమంది ఊళ్ళో పెద్ద కామందు ఇంట్లో పాలేర్లు, మా నాన్నా వాళ్ళలో ఒకడు. హైస్కూలు ఉన్న స్థలం కూడా ఆ పెద్ద కామందు ఇచ్చిందే. ఆయన పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. ఆయన కొడుకు ఊరికి ప్రెసిడెంటు, స్కూలు కమిటీకి కూడా ఆయనే ప్రెసిడెంటు.

తొమ్మిదిలోకి రాగానే పిల్లలు ఒక పనిపాఠం ఎంచుకోవాలి. మగపిల్లలు వ్యవసాయం, ఆడపిల్లలు కుట్లు తీసుకునేవాళ్ళు. డ్రాయింగు ఎవరైనా తీసుకోవచ్చు కాబట్టి ఎవరూ తీసుకునేవాళ్ళు కాదు. మా అమ్మకి నేను కుట్లు నేర్చుకోవాలని ఉండేది. మిషను తొక్కితే నీడపట్టున బతకొచ్చని ఆవిడ ఆశ. నేను డ్రాయింగుకి పేరిచ్చానని తెలిసిన రోజున నాతో మాట్లాడకుండా కంచంలో అన్నం పెట్టి, పులుసు వెయ్యడం మరిచిపోయి వెళ్ళి పడుకుంది. నాన్న మాత్రం "పోన్లే, చూద్దాం" అన్నాడు.

డ్రాయింగు గది అంటే సైన్సు సామాన్ల గదిలో ఒక మూల. మైలుతుత్తం వాసన, జిగురు వాసన, తడిసిన కాగితాల వాసన కలిసి అదొక రకంగా ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా జిగురు సీసా మూత తీస్తే నాకు ఆకలేస్తుంది, ఎందుకంటే ఆ క్లాసు మధ్యాహ్నం గంటకి ముందు ఉండేది. క్లాసులో అయిదుగురం. నా పక్కన కంసాలి వాళ్ళమ్మాయి కూర్చునేది. వాళ్ళ నాన్న నగల మీద తీగలూ ఆకులూ చెక్కుతుంటే చూస్తూ పెరిగిన పిల్ల, చెయ్యి ఎక్కడా వణికేది కాదు. నోరూ అంతే.

మాస్టారు బెజవాడ నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. ముసల్మాను. సన్నగా పొడుగ్గా, తెల్లటి పైజామా చొక్కాలతో, తలమీద టోపీతో, వాన ఉన్నా లేకపోయినా చేతిలో గొడుగుతో. ఆయన తెలుగు మా తెలుగు మాస్టారి తెలుగు కంటే సాఫుగా ఉండేది. కుండ, కూజా, మామిడాకు, అరటిదొప్ప, చక్రాలు, అక్షరాలు, బార్డర్లు, అన్నీ బోర్డు మీద గీసి చూపించేవారు. ఆవునో మనిషినో వెయ్యాల్సొచ్చినప్పుడు మాత్రం సుద్దముక్క కిందపెట్టి, కిటికీ లోంచి బయట కట్టేసిన ఆవుని చూపించి, "వెన్ను ఎక్కడ వంగింది? చూసి వెయ్యండి" అనేవారు. తప్పు వేస్తే నోటితోనే సరిదిద్దేవారు. అది ఆయన పద్ధతి అనుకున్నాం తప్ప, ఇంకో కారణం ఉంటుందని మాకు తోచలేదు.

ఒకసారి కంసాలి పిల్ల పుస్తకం చివరి పేజీలో మాస్టారి బొమ్మ వేసింది. పొడుగు ముక్కు, టోపీ, చంకలో గొడుగు. అయిదుగురం నోళ్ళు నొక్కుకుని నవ్వుతుంటే వెనక నుంచి ఆయన చెయ్యి వచ్చి పుస్తకం తీసుకుంది. మా ప్రాణాలు పోయాయి. ఆయన చాలాసేపు చూసి, "గొడుగు కర్ర వంకరపోయింది" అని, రబ్బరుతో గొడుగు వరకే చెరిపి, మళ్ళీ గీసి ఇచ్చారు. మొహం జోలికి పోలేదు.

ఆ ఏడు రంజాను నెల ఆగస్టులో వచ్చింది. కాలవల నిండా ఎర్రనీళ్ళు, పొలాల్లో నాట్లు. మా అమ్మ చీకటితో నాట్లకి పోయి, వేళ్ళు నానిపోయి తెల్లబడి తిరిగొచ్చేది. మేం తాటిపళ్ళు కాల్చుకుని, పీచు పళ్ళలో ఇరుక్కుంటే లాక్కుంటూ బడికి పోయేవాళ్ళం. మాస్టారు ఉపవాసం. క్లాసు చివరికి పెదాలు ఎండిపోయి గొంతు జీరబోయేది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ప్రెసిడెంటుగారు బడికొచ్చారు. డ్రాయింగు బోర్డులు సర్దడానికి హెడ్మాస్టారి గదికి ఆనుకుని ఉన్న వరండాలో నేనూ కంసాలి పిల్లా ఉన్నాం. తలుపు సగమే వేసి ఉంది.

"పంద్రాగస్టుకి మా నాన్న బొమ్మ బడిలో పెట్టాలనుకుంటున్నాం" అన్నారు ప్రెసిడెంటుగారు. "ఫోటో ఒక్కటే ఉంది, పెళ్ళిలో తీసిన గుంపు ఫోటో. డ్రాయింగు మాస్టారు మన బళ్ళోనే ఉండగా బెజవాడ పరిగెత్తడం దేనికి?"

మాస్టారూ లోపలే ఉన్నారు. "క్షమించాలండి. మనుషుల మొహాలు నేను వెయ్యనండి."

"వెయ్యలేరా, వెయ్యరా?"

"వెయ్యనండి."

కుర్చీ కిర్రుమంది. హెడ్మాస్టారు గబగబా అందుకున్నారు. "ఆయన మాట తీరు అంతేనండి. వేస్తారు. నేను వేయిస్తాను కదండీ."

ప్రెసిడెంటుగారు వెళ్ళాక హెడ్మాస్టారి గొంతు తగ్గింది. ఆయన మంచివాడే, కానీ భయస్థుడు. "మాస్టారూ, అయిదుగురు పిల్లలున్న సబ్జెక్టు. ఈ పోస్టు ఎత్తెయ్యమని ఆయన ఒక్క కాగితం రాస్తే చాలు. మీకు నలుగురు పిల్లలు. ఒక్క బొమ్మండీ."

మాస్టారు ఏమన్నారో వినపడలేదు. బయటికి వచ్చి మమ్మల్ని చూశారు. మేం విన్నామని తెలిసినా తిట్టలేదు. ఆయన చేతిలో ఆ ఫోటో ఉంది. మధ్యలో కుర్చీలో తలపాగాతో పెద్ద కామందు. మొహం శనగగింజంత.

"ఎందుకు వెయ్యరండీ?" అని కంసాలి పిల్ల అడిగేసింది.

"ఊపిరి పొయ్యలేనివాడు ఊపిరున్నట్టు వెయ్యకూడదని మా నాన్న నేర్పారమ్మా. మా తమ్ముడికి ఆ పట్టింపు లేదు, వాడికి ఫోటో స్టూడియోనే ఉంది. నా మట్టుకు నాకుంది." అంతే చెప్పి ఫోటో బల్లమీద పెట్టారు.

"అయితే మేం వేస్తామండి" అంది అది. నేను దాని జడ పట్టుకు లాగాను.

మర్నాడు మాస్టారు వచ్చి, "నేర్పడం నా ఉద్యోగం. మీరు నేర్చుకుంటానంటే కాదనను. కానీ నేను వేశానని మాత్రం ఎవరికీ చెప్పకూడదు. ఒప్పుకుంటారా?" అన్నారు. ఒప్పుకున్నాం.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాయనమ్మని అడిగాను. చేదుపరిగె చేపల పులుసు వాసన ఇల్లంతా పట్టి ఉంది. "నాయనమ్మా, పెద్ద కామందు మొహం ఎట్టా ఉండేది?"

ఆవిడ ముద్ద కలుపుతూ ఆగింది. "మొహమా? నలభై ఏళ్ళు ఆళ్ళ కళ్ళాంలో చేశాను. ఆయన పాదాలెట్టా ఉంటాయో అడుగు, చెప్తా."

నేనెందుకు అడుగుతున్నానో చెప్పాను. అమ్మ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. "నువ్వా? ఆ ఇంటి పెద్దాయన బొమ్మ నువ్వు వేస్తావా? బాగా రాకపోతే రేపు మీ నాన్నకి పనుంటుందా?" అంది. నాన్న నీళ్ళు తాగి, చెయ్యి కడుక్కుని, "బాగా వెయ్యి" అన్నాడు.

బడి వదిలాక ఆ మూల గదిలో మొదలెట్టాం. హెడ్మాస్టారు తలుపు వేయించి, మాస్టారు బొమ్మ వేస్తున్నారు ఎవరూ వెళ్ళకండి అని అందరికీ చెప్పేశారు. నూనెకాగితం మీద సన్నగళ్ళు గీసి ఫోటో మీద పరిచాం. పెద్ద కాగితం మీద అవే గళ్ళు పెద్దవి చేసి గీశాం. తలపాగా, చొక్కా, కండువా కంసాలి పిల్లవి. దాని చేతిలో కండువా మడతలు నిజం మడతల్లా పడ్డాయి. మొహం నాకొచ్చింది, ఎందుకంటే అది బొగ్గు పులమడానికి విసుక్కునేది.

మాస్టారు మాకు వీపు పెట్టి, కిటికీ దగ్గర కాలవకేసి చూస్తూ కూర్చునేవారు. వెనక్కి తిరిగేవారు కాదు. ప్రశ్నలు వేసేవారు.

"నుదురు కుండ పొట్ట అనుకో. వెలుగు ఎటు నుంచి వస్తోంది?"

"ఎడమ నుంచండి."

"అయితే కుడి పక్క ఎక్కడ నల్లబడాలి?"

"అంచు మీద కాదండి. అంచుకి కాస్త ఇవతల."

"ఆఁ. ముక్కు పక్క నీడ మామిడాకు వెనక నీడ లాగే ఉంటుంది. మెత్తగా. వేలితో రుద్దు."

చెప్పడానికి తేలికగానే ఉంది. మూడు రోజులు వేసింది వేసినట్టు చెరిపాను. కాగితం పొర లేచిపోయింది, కొత్త కాగితం పెట్టి మళ్ళీ గళ్ళు గీశాం. హెడ్మాస్టారు తలుపు బయట దగ్గి, "ఎంతవరకూ వచ్చిందండీ?" అని అడిగేవారు. ఒక సాయంత్రం మాస్టారు మధ్యలో లేచి, బయటికి వెళ్ళి, పంపు దగ్గర మొహం కడుక్కుని చాలాసేపు అక్కడే నిలబడ్డారు. నోటితో చెప్పడం కూడా తప్పేనేమో అని ఆయన లోపల నలిగిపోతున్నారని నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం, ఇక రారేమో, మేం మునిగిపోయామనుకున్నాను. తిరిగొచ్చి కూర్చుని, "గడ్డం దగ్గరకి వచ్చావా?" అన్నారు.

కళ్ళ దగ్గర చిక్కొచ్చింది. భూతద్దంలో చూస్తే ఫోటోలో ఎడమకన్ను కుడికన్ను కంటే చిన్నది. రెప్ప కొంచెం వాలి ఉంది. "రెండూ సమానంగా వేసెయ్యవే, ఎవరికి తెలుస్తుంది" అంది కంసాలి పిల్ల. ఆ ఇంటివాళ్ళు చూస్తే వెక్కిరించినట్టు అనుకుంటారని దాని భయం. నాకూ అదే భయం, ఇంకా ఎక్కువగా.

"మాస్టారండీ, ఒక కన్ను చిన్నగా ఉందండి. సరి చెయ్యమంటారా?"

ఆయన కాలవకేసి చూస్తూనే అడిగారు. "కుండకి సొట్ట ఉంటే ఏం చేస్తాం?"

"సొట్టతోనే వేస్తామండి."

నేను కన్ను చిన్నగానే వేశాను. రెప్ప వాల్చగానే, అంతవరకూ గుమ్మడికాయలా ఉన్న మొహం మనిషై నా వైపు చూసింది. బొగ్గు కిందపెట్టి రెండడుగులు వెనక్కి వేశాను. పేటలో ఎవరూ తలెత్తి చూడని కళ్ళు అవి.

పంద్రాగస్టు రోజు తెల్లారి వాన వెలిసింది. జెండా ఎగరేశారు. గాజు బిగించిన బొమ్మకి పట్టుగుడ్డ కప్పి వరండాలో పెట్టారు. ఊరివాళ్ళు కుర్చీల్లో, పేటవాళ్ళు గోడ వారన నిలబడి. నాన్న ఉతికిన పంచె కట్టుకుని అందరికంటే చివర ఉన్నాడు. ప్రెసిడెంటుగారు గుడ్డ తీశారు. ముందు వరసలో కూర్చున్న కామందు భార్య, ముసలావిడ, చీరకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ప్రెసిడెంటుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఆయన మైకు దగ్గరికొచ్చి, "ముందు వెయ్యనన్నా, చివరికి మా మాట మన్నించి ఇంత బాగా వేసిన డ్రాయింగు మాస్టారికి..." అంటూ శాలువా విప్పారు. హెడ్మాస్టారు మాస్టారి భుజం మీద చెయ్యేసి ముందుకి తోశారు. శాలువా కప్పించుకుని దిగిపోతే చాలు, అందరం గట్టెక్కుతాం అనుకున్నాను. కప్పించుకోవాలని మనసులో ప్రార్థన కూడా చేశాను.

మాస్టారు శాలువా రెండు చేతులతో అందుకుని, మడిచి, ప్రెసిడెంటుగారికే తిరిగి ఇచ్చారు. "ఇది నాకు చెందదండి. బొమ్మ నేను వెయ్యలేదు. నా దగ్గర చదువుకునే ఆడపిల్లలు వేశారు."

"ఎవరు వాళ్ళు?"

మాస్టారు మా వైపు తలైనా తిప్పలేదు. "లేవాలనుకుంటే వాళ్ళే లేస్తారండి."

కంసాలి పిల్ల టక్కున లేచింది. నేను గోడ వారన నాన్నని చూశాను. తల దించుకుని నేలకేసి చూస్తున్నాడు. లేవకూడదని ఎంత అనుకున్నా కూర్చోలేకపోయాను. లేచాను.

"నువ్వెవరి పిల్లవి?" ప్రెసిడెంటుగారు కంసాలి పిల్లని అడగలేదు, నన్నే అడిగారు.

నాన్న పేరు చెప్పాను. సరిగ్గా వినపడలేదేమో, మళ్ళీ చెప్పమన్నారు. ఈసారి గట్టిగా చెప్పాను. కుర్చీల్లోంచి తలలు ఒక్కొక్కటే గోడవైపు తిరిగాయి.

ప్రెసిడెంటుగారు బొమ్మకేసి చూశారు, నాకేసి చూశారు. నా వేళ్ళ సందుల్లో బొగ్గు ఇంకా పోలేదు. ఆయన శాలువా బల్లమీద పెట్టి, "కూర్చోండి" అన్నారు. హెడ్మాస్టారు వెంటనే జాతీయగీతం పాడించేశారు. నిమ్మతొనల బిళ్ళలు పంచారు. నా చేతిలోది కరిగి అంటుకుపోయేదాకా నోట్లో వేసుకోలేదు.

దీపాలు పెట్టే వేళకి కామందు ఇంటి నుంచి నాన్నకి పిలుపొచ్చింది. అమ్మ పొయ్యి ఆర్పేసి గుమ్మంలో కూర్చుంది. నాయనమ్మ మంచం మీద కీర్తనలు గొణుక్కుంటోంది. నన్నెవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండుననిపించింది. వంతెన మీద దుంగ చప్పుడైన ప్రతిసారీ అమ్మ తలెత్తి చూసేది.

నాన్న వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. "ఏమన్నారు?" అంది అమ్మ.

"ఆ కన్ను అట్టా ఎందుకేసిందిరా నీ కూతురు అన్నారు."

"నువ్వేమన్నావు?"

"ఉన్నట్టే వేసుద్దిలే అయ్యా అన్నా. తర్వాత, మా అమ్మ ఆ కన్ను చూసేరా ఏడ్చింది అన్నారు." నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకుని నన్ను చూశాడు. "నీ మీద కోపం లేదంట. కానీ నలుగుర్లో తన చేతిలో శాలువా తిరిగి పెట్టాడని ఆ మాస్టారి మీద ఉంది. ఆయన్ని ఉంచరు."

మర్నాడు పరుగెత్తుకెళ్ళి మాస్టారికి చెప్పాను. "తెలుసమ్మా" అని, బోర్డు మీద కూజా గీయడం మొదలుపెట్టారు.

ఆ వారంలో ఒక మధ్యాహ్నం నాన్న బడికొచ్చాడు. జెండా రోజు తప్ప ఎప్పుడూ గేటు దాటని మనిషి. నాట్ల బురద మోకాళ్ళదాకా ఉంది. వరండా మెట్లు ఎక్కి బొమ్మ ముందు నిలబడ్డాడు. నేను స్తంభం పక్కన ఉన్న సంగతి ఆయనకి తెలియదు. తలెత్తి ఆ మొహంలోకి సూటిగా, తీరిగ్గా చూశాడు. నుదురు, మీసం, ఆ చిన్న కన్ను, ఒక్కొక్కటే. ఎవరైనా వస్తారేమోనని నేను గేటుకేసి చూస్తూనే ఉన్నాను. చివరికి, "ఇట్టా ఉండేవోడా" అని తనలో తను అనుకుని, మెట్లు దిగి పొలానికి వెళ్ళిపోయాడు.

రంజాను పండగ మర్నాడు మాస్టారు పెద్ద క్యారియర్ నిండా సేమ్యా తెచ్చారు. నెయ్యి, జీడిపప్పు, ఏలకుల వాసన ఆ గది మైలుతుత్తం వాసనని ఒక్కరోజు గెలిచింది. కంసాలి పిల్ల మూడుసార్లు పెట్టించుకుంది. అందరం తిన్నాక ఆయన జేబులోంచి కాగితం తీసి, దివిసీమలో ఒక బడికి బదిలీ అయిందని చెప్పారు. ఆయన స్థానంలో ఎవరూ రాలేదు. మా అయిదుగురిలో ముగ్గురమ్మాయిల్ని కుట్లలోకి, ఇద్దరబ్బాయిల్ని వ్యవసాయంలోకి మార్చారు. అమ్మ కోరిక తీరింది గానీ ఆవిడ ఆ రోజు సంతోషంగా లేదు.

పదో తరగతి అయ్యాక ప్రైవేటుగా డ్రాయింగు లోయర్ పరీక్షకి కట్టాను. నాన్న మొదటి బస్సుకి నన్ను బెజవాడ తీసుకెళ్ళాడు. లోపల కూర్చున్నంతసేపూ చెమటకి కాగితం అంటుకుంటూనే ఉంది. మధ్యాహ్నం బయటికి వస్తే, రోడ్డుకి అవతల, నాన్న పక్కన మాస్టారు నిలబడి ఉన్నారు. పరీక్ష సంగతి ఉత్తరం రాశాను గానీ వస్తారనుకోలేదు. తెల్లారుజామున బయల్దేరి రెండు బస్సులు మారి వచ్చారట. ఇంకా సన్నబడ్డారు. ఎలా ఉన్నావని అడగలేదు.

"ఏం ఇచ్చారు?"

"కూజా, పక్కన మూసిన పుస్తకమండి."

"నీడ ఎటు వేశావు?"

"కుడికండి. పుస్తకం మీద పడి విరిగినట్టు వేశాను."

ఆయన తలాడించారు. "విరిగినట్టు వేశావు కదా. మంచిది." నాన్నకి నమస్కారం పెట్టి, బస్సు టైమయిందని వెళ్ళిపోయారు. అదే ఆయన్ని చివరిసారి చూడడం.

ఆ తర్వాత నేనూ డ్రాయింగు టీచర్నయ్యాను. రిటైరయ్యేదాకా ఎందరెందరి మొహాలో వేశాను. మా అమ్మది, నాన్నది, నాయనమ్మది, కంసాలి పిల్లది పెళ్ళికూతురి ముస్తాబులో. ఆయనది మాత్రం వెయ్యలేదు. వద్దనేవారని తెలుసు. బుద్ధిగా ఆ మాట పాటిస్తూ వచ్చాను. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆయన మొహం సగమే వస్తోంది, మిగతా సగం వెలుగులో కలిసిపోతోంది. ఇంకో రెండేళ్ళకి ఆ సగమూ పోతుందేమో. అయినా పెన్సిలు తీయాలనిపించినప్పుడల్లా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నాను.